నాచారం గల్లీ సాక్షి

నా పోలీసు ఉద్యోగంలో నేను ఎవరి మీదా తుపాకీ పేల్చలేదు. రిటైరయ్యాక మా కాలనీలో కానిస్టేబుల్ పరీక్షకు చదువుకునే ఆడపిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. "ఆంటీ, మీరు టెర్రరిస్టు కేసులల్ల పనిజేసిన్రంట గదా, జర జెప్పుండ్రి" అంటారు. వాళ్లకు కావలసింది వెంటాడటాలు, కాల్పులు. నేను చెప్పేది నాచారంలో నాలుగు గదులు కిరాయికిచ్చుకుని బతికిన ఒక పెద్దావిడ సంగతి. మొదట్లో కొందరి ముఖాలు చిన్నబోతాయి. అయినా ప్రతిసారీ ఇదే చెబుతాను. ఆ కేసులో మేం గెలిచింది ఆవిడ వల్లే. ఘోరంగా తప్పు చేయబోయి ఆగిందీ ఆవిడ వల్లే.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన మొదటి దశాబ్దం అది. నేను ఉప్పల్ వైపు ఒక స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్‌ని. నగరంలో మరో మూల, జనం కిక్కిరిసిన బజారులో చీకటి పడే వేళ బాంబు పేలింది. మనుషులు పోయారు. ఆ సాయంత్రం నుంచి ఊరి నడకే మారిపోయింది. బస్సులో సీటు కింద టిఫిన్ డబ్బా కనిపిస్తే బస్సు మొత్తం దిగిపోయేది. సినిమా హాళ్ల గేట్ల దగ్గర ఆడవాళ్ల సంచులు వెతకడం నా డ్యూటీ. "అక్కా, ఇయ్యాల నువ్వు చూసిన దువ్వెనలన్ని ఒక్కతాన పెడితే దుకాణం తెర్వచ్చు" అని నవ్వించేవాడు మా కానిస్టేబుల్ ఒకడు. అంబర్‌పేట్ మనిషి. ఆ పేలుడులో అతని మేనత్త కొడుక్కి కాలు పోయింది. దవాఖానాకు వెళ్లి చూసి వచ్చిన రోజు మాత్రం ఆ జోకులు ఉండేవి కావు.

ఆ రోజుల్లోనే మాకు ఒక క్లాసు పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి గోడకు ప్రపంచ పటం తగిలించి దాని మీద బాణాలు గీశాడు. శిక్షణ ఒక దేశంలో, డబ్బు మరో దేశం నుంచి, హుకుం ఇంకెక్కడి నుంచో ఇంటర్నెట్‌లో. ఒక బాణం సముద్రం దాటి వచ్చి హైదరాబాద్ దగ్గర ఆగింది. నేను లేచి అడిగాను, "సార్, అక్కడి నుంచి ఎటు పోతుంది?"

"ఏదో ఒక కిరాయి గదికి" అన్నాడాయన హిందీలో. "అది వెతకడం మీ పని. ఇంకో మాట గుర్తుంచుకోండి. మన జనం పక్కింటివాణ్ని చూసి భయపడటం మొదలుపెడితే, బాంబు పెట్టినవాడి పని సగం అయిపోయినట్టే."

ఆ కిరాయి గది మా పరిధిలోనే దొరుకుతుందని అప్పుడు అనుకోలేదు.

పేలుడు కేసు చూస్తున్న ప్రత్యేక బృందానికి పెద్ద ఒక ఏసీపీ. మంచి పనిమంతుడు. పేలుడు జరిగిన రోజు మార్చురీలో శవాలను బంధువులకు అప్పగించింది ఆయనే. అప్పటి నుంచి ఆయన సరిగా నిద్రపోయినట్టు నాకు ఎన్నడూ కనిపించలేదు. ఒక ఫోను జాడ పట్టుకుని ఆయన బృందం నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక ఒక గల్లీకి వచ్చింది. ఫ్యాక్టరీలు రాకముందు అక్కడ పొలాలుండేవి. ఆ పొలాలు చేసుకున్న కుటుంబాల్లో ఒకటి నేను చెప్పిన పెద్దావిడది; పెద్దమ్మా అని పిలిచేదాన్ని. భూమి పోయాక మిగిలిన జాగాలో వరుసగా రేకుల గదులు వేసి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు కిరాయికిచ్చింది. భర్త లేడు. కొడుకు ఒక కంపెనీ బస్సు డ్రైవరు, ఆమెతోనే ఉండేవాడు. పేలుడుకు ముందు కొన్ని నెలలు చివరి గదిలో ఉన్న మనిషి, బజారులో సంచి పెట్టినవాడని బృందం అనుమానం. పెద్దమ్మకు అతను చెప్పిన పేరూ, ఊరూ అబద్ధం.

బృందం సోదాకు వచ్చిన రోజు నేనూ వెంట ఉన్నాను. గల్లీ రెండు వైపులా జీపులు అడ్డం పెట్టారు. చివరి గది అప్పటికే ఖాళీ. దాని పక్క గదిలో ఉన్న యువకుణ్ని పట్టుకున్నారు. వెల్డింగ్ షాపులో పని, జహీరాబాద్ వైపు నుంచి వచ్చాడు, ముస్లిం. పక్క గదివాడితో కలిసి టీ తాగేవాడని గల్లీలో ఎవరో అన్నారు. అన్నం తింటున్నవాణ్ని చెయ్యి కూడా కడుక్కోనివ్వకుండా జీపెక్కించారు. పెద్దమ్మ గడపలో నిలబడి అంతా చూసింది. ఒక ఎస్సై ఆమె మీద గద్దించాడు. ఆమె తలుపేసుకుంది.

"ఆమె నోరు తెరవకపోతే మనకు సాక్షి లేదు. నువ్వు ఆడమనిషివి, ప్రయత్నించు" అన్నారు ఏసీపీ నాతో.

మర్నాడు మామూలు చీర కట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఏం రాస్కుంటవో రాస్కో బిడ్డా, నాకైతే ఏం తెల్వదు" అంది తలెత్తకుండానే. నేను రాసుకోవడానికి ఏమీ తేలేదని చెప్పి, పక్కన కూర్చుని నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజు కాయలు ఒలిచిపెట్టి వచ్చేశాను. తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాను. మాది భువనగిరి వైపని చెప్పాను. వాళ్ల ఇంటి ముందు పారే మురికి మోరీ గురించి, ఫ్యాక్టరీ వాసన గురించి మాట్లాడుకున్నాం. ఒకరోజు ఆమే అడిగింది.

"గా బజార్ల సచ్చినోళ్లల్ల చిన్న పోరగాళ్లు ఉన్నరా?"

"ఉన్నరు పెద్దమ్మా."

చేతిలో పని ఆపింది. చెంగుతో చేతులు తుడుచుకుని మొదలుపెట్టింది. "నాకు చలిజ్వరమొస్తే గా చివరి గదిలోడే దవాఖానాకు తీస్కపోయిండు. గోలీలు తెచ్చిచ్చిండు. అమ్మా అమ్మా అని పిలిసేటోడు. నా చేతి అన్నం తిన్నడు. ఆ దినం పొద్దుగూకకముందు నల్ల సంచి భుజానికేస్కొని, ఊరికి పోతున్నమ్మా అన్నడు. మల్ల రాలే."

"ఎంబడి ఎవలన్న ఉన్నరా?"

"ఇంట్లకెల్లి ఒక్కడే పోయిండు. అప్పుడప్పుడు ఆనికోసం ఒకడొచ్చేటోడు. బక్కగుంటడు. లోపటికి రాడు, గేటు కాడనే నిలవడి మాట్లాడుతడు. చేతికి కాలిన మచ్చ ఉంటది."

"మరి పక్క గది పిలగాడు?"

"గా దినం మా బోరు మోటరు స్టాండు విరిగితే ఆడు అతికిపెడుతుండె. సంచోడు ఆని ముందలకెల్లే పోయిండు. చీకటి పడేదాక ఆడు నా కండ్ల ముందలనే ఉన్నడు. గాన్ని ఎందుకు పట్కపోయిన్రు బిడ్డా?"

నేను విన్నదంతా ఏసీపీకి చెప్పాను. ఆమెను పిలిపించి వాంగ్మూలం రాయించారు. సంచి సంగతి రాశారు, కాలిన మచ్చ మనిషి సంగతి రాశారు. మోటారు రిపేరు దగ్గరికి వచ్చేసరికి, "అది కేసుకెందుకు" అని వదిలేశారు. "సార్, ఆ పిల్లాడు ఆ టైముకు ఇంట్లోనే ఉన్నాడని చెబుతోంది" అన్నాను. "కాలిన మచ్చ ఉన్నవాడు గేటు దగ్గరికి వచ్చేవాడని కూడా ఆమే చెబుతోంది. వెల్డింగ్ చేసేవాడి చేతికి మచ్చలుండవా? పెద్దావిడ, ఒకదానికొకటి కలిపేసుకుంటోంది" అన్నారాయన. గల్లీ మొగదల టీ కొట్టు మనిషి ఒకడున్నాడు. మొదట ఏమీ చూడలేదన్నాడు. వెల్డర్ పట్టుబడ్డాడని, అతని పేరేమిటో తెలిశాక, ఇద్దరూ కలిసి వెళ్లడం చూశానన్నాడు. జ్ఞాపకశక్తి అలా కూడా పెరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

కొన్నాళ్లకు చివరి గదిలో ఉన్న మనిషి వేరే రాష్ట్రంలో దొరికాడు. జైలులో మేజిస్ట్రేట్ ఎదుట అతన్ని మరికొందరితో వరుసలో నిలబెట్టి పెద్దమ్మను గుర్తుపట్టమన్నారు. పెద్దమ్మ లోపలికి వెళ్లి, గుర్తుపట్టి, బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. "నన్ను సూసి తలకాయ దించుకున్నడు బిడ్డా. గోలీలు తెచ్చిచ్చిన చెయ్యే గా సంచి గూడ మోసిందంటే నాకు మనసున పడ్తలేదు" అంది. నీళ్లిచ్చాను. తాగలేదు.

ఆ తర్వాత కేసు ఏళ్లకు ఏళ్లు సాగింది. ఈలోగా చాలా మారాయి. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కెమెరాలు పెట్టారు. కిరాయిదార్ల వివరాలు స్టేషన్‌కు ఇవ్వాలన్నారు. కొత్త చట్టాలు వచ్చాయి, ఢిల్లీలో ఇలాంటి కేసుల కోసమే ఒక కొత్త దర్యాప్తు సంస్థ పుట్టింది. ఇవన్నీ కావలసినవే. నేను కాదనను. అయితే కోర్టులో కేసు నిలబడాలంటే చివరికి ఒక మనిషి వచ్చి, నేను చూశానని చెప్పాలి. ఆ మనిషి అన్నాళ్లు భయపడకుండా, మాట మార్చకుండా, ప్రాణంతో ఉండాలి. ఆ సాక్షిని కాపాడుకునే పని నాకు అప్పగించారు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. వాయిదాకు తీసుకెళ్తే ఒకసారి లాయర్లు బహిష్కరించారని, ఒకసారి బంద్ అని తిప్పి పంపేవారు. పెద్దమ్మ విసుక్కునేది కాదు. సద్ది కట్టుకుని వచ్చేది, తిని తిరిగి వెళ్లేది.

ఇంటి దగ్గర మాత్రం ఆమెకు సుఖం లేదు. గల్లీవాళ్లు ఆ ఇంటిని బాంబిల్లు అనడం మొదలుపెట్టారు. గదులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఒకరోజు ఎవరో కొడుక్కి ఫోన్ చేసి, తల్లిని కోర్టుకు పంపితే బాగుండదని బెదిరించారు. నేను వెళ్లేసరికి అతను గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"మేడం, మీకు దండం పెడ్త. మా అమ్మను ఇడిసిపెట్టుండ్రి. మీరు డ్యూటీ అయినంక మీ ఇంటికి పోతరు. మేం గీడనే ఉండాలె."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. లోపలి నుంచి పెద్దమ్మ వచ్చింది.

"ఏంరా, నేను జెప్పకపోతే గా సచ్చిన పోరగాళ్ల తల్లులకు ఎవలు జెప్తరు? నువ్వు పని మీద పోరా. నేను పోయేది పోయేదే."

మా అంబర్‌పేట్ కానిస్టేబుల్ ఆ ఇంటి ముందు కాపలా తనకే వేయించుకున్నాడు. మా స్టేషన్‌లో చెట్టు నీడ లేని డ్యూటీ అడిగి వేయించుకున్నవాణ్ని అతన్నొక్కణ్నే చూశాను. పెద్దమ్మ పెట్టే జొన్నరొట్టె కోసం అని బయటికి చెప్పేవాడు.

చివరికి ఆమె సాక్ష్యం చెప్పవలసిన వాయిదా వచ్చింది. ఆ ముందు రోజు ఏసీపీ నన్ను తన ఆఫీసుకు పిలిచారు.

"రేపు మొదటి ముద్దాయిని, ఆ సంచివాణ్ని గుర్తుపడుతుంది. అది చాలు" అన్నారు. "రెండోవాడు, ఆ వెల్డర్ లాయరు మోటారు సంగతి అడుగుతాడు. గుర్తులేదని చెప్పమను. అబద్ధం చెప్పమనడం లేదు. అన్నేళ్ల కిందటి మాట, ఎవరికైనా గుర్తుండదు."

"ఆమెకు గుర్తుంది సార్."

"ఉంటే కేసు రెండు ముక్కలవుతుంది. ఒక దారం తెగితే మొత్తం ఊడిపోతుంది. ఆ మార్చురీలో నువ్వు లేవు."

"లేను సార్. కానీ ఆ పిల్లాడు అప్పుడు ఆమె ఇంట్లో ఉన్నాడు. కాలిన మచ్చ వాడు ఇంకెవరో. వాణ్ని మనం వెతకనే లేదు."

ఆయన ముందున్న ఫైలు మూసేశారు. "నీకు చెప్పవలసింది చెప్పాను" అన్నారు.

బయటికి వచ్చి బస్టాపులో కూర్చున్నాను. ఆయన చెడ్డవాడైతే నాకు ఆ సాయంత్రం సులువుగా గడిచేది. ఆయన బాధ నిజం. ఆ బాధతోనే తప్పు మనిషిని గట్టిగా పట్టుకున్నారు. మొదటివాడు కూడా తప్పించుకుంటే ఏం చేయాలనే భయం నాకూ ఉంది. కానీ ఇన్నేళ్లు పెద్దమ్మను కోర్టుకు నడిపించింది నేను. నిజం చెప్పడానికే రమ్మన్నాను. ఇప్పుడు సగం చెప్పమని ఏ ముఖం పెట్టుకుని అడగాలి? ఉద్యోగానికి ఏమైనా కానీ, ఆ మాట నా నోటి నుంచి రాదని అక్కడే తేల్చుకున్నాను.

పొద్దున ఆమెను తీసుకెళ్లడానికి వెళ్లాను. పట్టంచు చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. "ఏమన్న జెప్పాల్నా బిడ్డా?" అని అడిగింది. ఎవరైనా ఏదైనా నేర్పుతారని ఆమె కూడా ఎదురుచూసినట్టుంది.

"సూసింది జెప్పు పెద్దమ్మా. అంతే."

కోర్టులో ఆమె మొదటివాడి వైపు చెయ్యి చాపింది. గది, సంచి, వేళ, అతను చెప్పిన మాట, అన్నీ చెప్పింది. అతని లాయరు ఎంత అడిగినా ఒక్క ముక్క మారలేదు. తర్వాత వెల్డర్ తరఫు లాయరు లేచాడు. ప్రభుత్వం ఇచ్చిన లాయరు, చిన్న వయసు.

"ఆ సాయంత్రం ఇతను ఎక్కడున్నాడో మీకు తెలుసా అమ్మా?"

"తెలుసు. మా బోరు కాడ కూసొని మోటరు స్టాండు అతికిపెడుతుండు. సంచోడు పోయినంక గూడ ఆడనే ఉన్నడు. నేనే చాయ్ ఇచ్చిన."

కోర్టు హాల్లో గుసగుసలు లేచాయి. ఏసీపీ గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అనుమతి అడిగి మళ్లీ లేచాడు.

"అమ్మా, కాలిన మచ్చ ఉన్న మనిషి వచ్చేవాడని మీరే చెప్పారు. ఇతని చేతికి మచ్చలున్నాయి కదా?"

"ఈని చేతికున్నయి నిప్పురవ్వలు పడ్డ సుక్కలు సారూ. ఆనిది గట్ల గాదు. మణికట్టు కాడికెల్లి మోచేతి దాక తోలు ముడతవడ్డది."

"ఇతనంటే మీకు ప్రేమ ఉంది. మీ ఇంటి పనులు చేసిపెట్టేవాడు. అందుకే కాపాడుతున్నారు."

పెద్దమ్మ ఆయన్ను నిదానంగా చూసింది.

"సారూ, నేను ఇందాక చెయ్యి సూపెట్టినోడు నన్ను దవాఖానాకు మోస్కపోయిండు. ఆడంటే గూడ నాకు గంత ప్రేమ, పావురం ఉండె. పావురం కొద్ది అబద్ధం జెప్పేదాన్నైతే, ముందుగాల ఆని కోసమే జెప్పేదాన్ని గదా?"

ప్రాసిక్యూటర్ కూర్చున్నాడు. జడ్జి గారు ఆ మాటను ఆమె అన్నట్టే రాసుకోమని చెప్పారు.

తీర్పులో మొదటివాడికి యావజ్జీవం పడింది. ఆమె రెండోవాడి విషయంలో దాచకుండా చెప్పింది కాబట్టే మొదటివాడి విషయంలో ఆమె మాట పూర్తిగా నమ్ముతున్నామని జడ్జి గారు చదివారు. దారం తెగలేదు. వెల్డర్ నిర్దోషిగా బయటపడ్డాడు. కాలిన మచ్చ మనిషి ఎవరో తేల్చమని పోలీసులకు చెప్పారు.

నన్ను కొద్ది రోజుల్లోనే పాత ఫైళ్లు సర్దే విభాగానికి మార్చారు. ఎవరు మార్చారని నేను అడగలేదు. కానీ ఆ ఏసీపీ గురించి ఒకటి చెప్పాలి. తీర్పు వచ్చిన వారంలోనే ఆయన ఒంటరిగా నాచారం వెళ్లారు. బూట్లు బయట విప్పి పెద్దమ్మ ఎదురుగా కూర్చుని, ఆ కాలిన మచ్చ చెయ్యి ఎలా ఉండేదో మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. దాని ఆధారంగా కాలిన గాయాలకు వైద్యం చేసే చోట్లన్నీ తిరిగారు. చాలా కాలం పట్టింది. తెలంగాణ రాష్ట్రం రాబోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు.

"దొరికాడు" అన్నారు. "వేరే నగరంలో, ఇంకో కిరాయి గదిలో. గదిలో ఏమేం ఉన్నాయో చెబితే నువ్వు ఇవాళ అన్నం తినలేవు. ఆ వెల్డర్‌తో సరిపెట్టుకుని ఉంటే నేను వీణ్ని వెతికేవాణ్ని కాదు." "పెద్దావిడకు నువ్వే చెప్పు. నేను చెబితే బాగుండదు" అన్నారు. చెప్పాను. ఆమె బజారులో చచ్చిపోయినవాళ్ల ఇళ్లకు కూడా ఈ కబురు చేరిందా అని అడిగింది. చేరేలా చూస్తామన్నాను. చూశాం.

అమ్మాయిలూ, నేరస్తుణ్ని పట్టుకోవాలన్న పట్టుదల ఈ ఉద్యోగానికి ప్రాణం. తప్పు మనిషిని వదలడానికి కూడా అంతే పట్టుదల కావాలి. ఈ రెండోది శిక్షణలో చెప్పరు, అందుకని చెబుతున్నాను.

ఇక వెల్డర్ విడుదలైన రోజు సంగతి. జైలు గేటు దగ్గరికి నేను మామూలు బట్టల్లో వెళ్లాను. అతని వాళ్లు జహీరాబాద్ నుంచి మర్నాడు వస్తారు. ఆ ఒక్క పూట పెద్దమ్మ ఇంట్లో ఉంటానన్నాడు. నా స్కూటీ ఎక్కనన్నాడు. బస్సులో వచ్చాం. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగగానే అక్కడే ఆగి చుట్టూ చూశాడు. మెట్రో కోసం రోడ్డు మధ్యలో స్తంభాలు లేచి ఉన్నాయి. అతను జైలుకు వెళ్లినప్పుడు అక్కడ అవేమీ లేవు.

"మేడం, గిది ఉప్పలేనా?"

"ఉప్పలే."

నాచారంలో ఆ గల్లీ మొగదలకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. షిఫ్టు వదిలినట్టున్నారు, జనం బాగా ఉన్నారు. టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. దూరంగా పెద్దమ్మ గేటు తెరుచుకుని బయట నిలబడి ఉంది. నేను అడుగు ముందుకేశాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. మర్యాదగానే.

"మీరు గీడనే ఉండుండ్రి మేడం. ఏమనుకోకుండ్రి. పోలీసోళ్లు తోల్కొచ్చినట్టు ఉండద్దు. నా అంతట నేను పోత."

నేను ఆగిపోయాను. అతను సంచి భుజానికి సర్దుకుని, అందరూ చూస్తుండగా, తలెత్తుకుని గల్లీ నడిమధ్య నుంచి నడిచి వెళ్లాడు.